అరుగున్న పడవ

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి లేక్ లేనియర్ అనే సరస్సు ఎలా ఉంటుందో తెలియాలంటే, పుష్కరాల ఆఖరి రోజున రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఆటో నడిపి చూడాలి. ఎటు నుంచి ఎవడొస్తాడో తెలీదు. రెండంతస్తుల హౌస్‌బోటు ఒకటి నింపాదిగా పోతుంటుంది, దాని వెనక లేచిన అలల మీద నలుగురు కుర్రాళ్ళు జెట్‌స్కీలతో ఎగురుతుంటారు, పక్కనే ఎవరో పెద్దాయన చేపలకి గాలం వేసుకుని అందర్నీ తిట్టుకుంటూ కూచుంటాడు.

బోటు కొందామని బయల్దేరిన నాకు దాన్ని చూపిస్తానన్న సేల్స్‌మన్ "మంగళవారం పొద్దున్నే రండి, నీళ్ళు అద్దంలా ఉంటాయి" అన్నాడు. నేను శనివారం మూడింటికే వస్తానని పట్టుబట్టాను. నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు అరటి దొప్ప కూడా బాగానే తేలుతుంది. మేం వాడుకునేది శనివారాలే కదా, శనివారమే చూడాలి. ఈ వ్యవహారం మొత్తమ్మీద నేను చేసిన తెలివైన పని ఇదొక్కటేనని మా ఆవిడ అభిప్రాయం.

మాది అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్. అట్లాంటాకి ఉత్తరాన, ఇప్పుడు వీధికి పది తెలుగు ఇళ్ళున్న ఊరు. ఇంటి నుంచి లేక్ ఒడ్డుకి కారులో పన్నెండు నిమిషాలు. నేను పుట్టింది సఖినేటిపల్లి. నరసాపురం వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. బస్సు, లారీ, సైకిళ్ళు, కొబ్బరి బోండాల బండి, పెళ్ళివారు, అందరూ ఒకే బల్లకట్టు మీద వశిష్ఠ దాటేవాళ్ళం. పంటు కదిలేటప్పుడు వచ్చే డీజిలు వాసన ఇప్పటికీ నాకు వాసన కాదు, సెలవులు.

కాబట్టి నీళ్ళంటే మోజు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. అయిదేళ్ళుగా ప్రతి వేసవిలోనూ మేమూ, ఇంకో రెండు కుటుంబాలూ కలిసి పాంటూన్ బోటు అద్దెకి తీసుకుంటున్నాం. రెండు మూడు అల్యూమినియం గొట్టాల మీద చదునైన చెక్క, చుట్టూ సోఫాలు, పైన గుడ్డ కప్పు. మన పంటుకి సూటూ బూటూ వేస్తే అదే. పంటు అన్న మాట ఈ పాంటూన్ లోంచే పుట్టిందేమోనని నాకు అనుమానం. పులిహోర గిన్నె, చికెన్ పలావు ట్రే, పేపరు ప్లేట్లు, పేకముక్కలు పెట్టుకోవడానికి దాన్ని మించింది లేదు. నిజానికి తెలివైనవాడెవడైనా పాంటూనే కొనుక్కోవాలి. చదునుగా ఉంటుంది, ముసలివాళ్ళు సులువుగా ఎక్కుతారు, ధరా తక్కువే.

నేనెందుకు కొనలేదంటే, డ్యామ్ దగ్గర లేక్ బాగా వెడల్పుగా ఉన్న చోట పెద్ద క్రూయిజర్ ఒకటి పక్క నుంచి పోతే పాంటూన్ ముందు భాగం అలలోకి ముక్కు పెట్టేసింది. సోఫాలు తడిసి, పులిహోర కొట్టుకుపోయింది. మా చిన్నోడు పడీ పడీ నవ్వాడు, నాకు మాత్రం గుండె జారింది. ఆ రోజు నుంచీ నీళ్ళని కోసుకుంటూ పోయే ముక్కున్న పడవ కావాలని నా పంతం.

"మీ ఊళ్ళో చిల్లర పైసలిచ్చి దాటేటోళ్ళు, ఇక్కడ గింత డబ్బు పోసి ఎటు దాటుతరు? తిరిగి అదే ఒడ్డుకు గద రావాలె" అంది మా ఆవిడ. వాళ్ళది వరంగల్. అందులో తప్పేం లేదు.

చూడగా చూడగా రెండు బోట్ల దగ్గర ఆగాను. రెండూ సీ రే ఎస్‌పీఎక్స్ 230. రెండూ సెకండ్ హ్యాండే. రెండూ బౌరైడర్లు, అంటే ముక్కు దగ్గర కూడా కూచోడానికి సీట్లున్నవి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఇంచుమించు ఒకే శరీరం, వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. ఆ వెడల్పు కూడా ఊరికే పెట్టింది కాదు. ఇక్కడ ప్రత్యేక పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాక్కెళ్ళగలిగే హద్దు అదే, అందుకే ఈ సైజు బోట్లలో చాలా వాటి నడుం కొలత అక్కడే ఆగిపోతుంది. ఇంజిన్లు కూడా రెండింటికీ మెర్క్యురీవే. సీ రే, మెర్క్యురీ రెండూ బ్రన్స్‌విక్ అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి కాబట్టి అందులో వింత లేదు. గుర్రాలు, అంటే హార్స్‌పవర్, కూడా సమానం, ఇక్కడ 250, అక్కడ 250.

తేడా ఒక్కటే. ఒకదానికి ఇంజిన్ లోపలుంది, రెండోదానికి బయటుంది.

మొదటిది స్టెర్న్‌డ్రైవ్. 4.5 లీటర్ల వీ6 ఇంజిన్ బోటు వెనక భాగంలో, పడుకునే పరుపు కింద పెట్టెలో దాక్కుని ఉంటుంది. కాలు మాత్రం వెనక గోడకి కన్నం పెట్టుకుని నీళ్ళలోకి దిగుతుంది, ఆ కాలి చివర ప్రొపెల్లర్. రెండోది అవుట్‌బోర్డ్. 4.6 లీటర్ల వీ8 మొత్తంగా వెనక్కి వేలాడుతుంది, మన మోటారు నాటుపడవలకి తగిలించినట్టే, కాకపోతే బరువు పావు టన్ను.

నేను డేటాబేసుల మనిషిని. సహజంగానే ఎక్సెల్ తెరిచాను. 31 వరసలు వచ్చాయి. సీట్లు, ట్యాంకు, టవరు, స్టీరియో, ట్రైలరు, వారంటీ, ఇంకా ఏవేవో. వాటిలో 24 వరసల్లో రెండు గళ్ళలోనూ ఒకటే సమాధానం. మిగిలిన ఏడింట్లో అయిదు అవుట్‌బోర్డుకే అనుకూలం. అడిగిన ధర స్టెర్న్‌డ్రైవుకి 58 వేల డాలర్లు, అవుట్‌బోర్డుకి 66 వేలు. ఆ ఎనిమిది వేల తేడా ఎందుకో కూడా ఆ అయిదు వరసలే చెబుతాయి.

మొదట అవుట్‌బోర్డు చూశాం. నేను, మా ఆవిడ, పదహారేళ్ళ పెద్దమ్మాయి, పదకొండేళ్ళ చిన్నోడు. తాళం తిప్పగానే లేచింది, లేచినట్టు కూడా తెలియలేదు. వెనక నుంచి చల్లగా నీళ్ళు చిమ్ముతున్నాయని చూసి నమ్మాలి. రేవు దాటే దాకా ఐడిల్ వేగమే. జార్జియాలో డాకులకీ, ఆగి ఉన్న పడవలకీ, ఈదేవాళ్ళకీ నూరడుగుల లోపు అలలు లేపకూడదు, అది చట్టం. బయటపడ్డాక లివరు ముందుకు తోశాను. ముక్కు ఒక్క క్షణం ఆకాశం చూసి దిగింది, బోటు నీళ్ళ మీదకి ఎక్కింది. హౌస్‌బోటు అల మీదకి కావాలనే ఏటవాలుగా పోనిచ్చాను. కోసుకుంటూ పోయింది. నా నడుముకి తెలిసింది కానీ ఎవరి మీదా చుక్క నీరు పడలేదు. మా ఆవిడ చెయ్యి పక్క రాడ్డు మీద నుంచి వదిలింది. అదే మాకు సర్టిఫికెట్.

వెనక సీటు కింద మూత ఎత్తి చూస్తే పెద్ద గది. ఇంజిన్ బయటుంది కాబట్టి అది ఉండాల్సిన చోటంతా ఖాళీ. నాలుగు బియ్యం బస్తాలు సుఖంగా పడతాయి. లైఫ్ జాకెట్లు, ట్యూబు, తాళ్ళు, కూలర్ అన్నీ అందులోకి పోతాయి. సగం మనసు అక్కడే పడిపోయింది.

తర్వాత ఒక కోవ్‌లోకి, అంటే సరస్సు నీళ్ళు ఒడ్డులోకి చొచ్చుకుపోయిన పాయలోకి వెళ్ళి లంగరు వేశాం. ఇంజిన్ ఆపాం. పిల్లలు దూకారు. తిరిగి ఎక్కేటప్పుడు చూశాను అసలు సంగతి. వెనకాల నీళ్ళ దగ్గర నిలబడే చోటు అవుట్‌బోర్డుకి రెండు ముక్కలై ఉంటుంది. మధ్యలో ఇంజిన్, అటొక చిన్న పలక, ఇటొక చిన్న పలక. నిచ్చెన ఒక పక్కే ఉంది. చిన్నోడు రెండో పక్క నుంచి ఈదుకొచ్చి, పలక పట్టుకుని, నిచ్చెన వైపు వెళ్ళడానికి ప్రొపెల్లర్ ఉన్న చోటు చుట్టూ తిరగబోయాడు. ఇంజిన్ ఆపే ఉంది, ప్రమాదమేం లేదు. అయినా నా నోటి నుంచి "ఒరేయ్!" అని వచ్చిన కేకకి అవతలి బోటు వాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఎత్తైన అరుగున్న ఇల్లు కొని, ఆ అరుగు మధ్యలో ట్రాక్టర్ నిలబెట్టినట్టు అనిపించింది నాకు.

మరుసటి వారం స్టెర్న్‌డ్రైవు. ఈసారి అమ్మ కూడా వచ్చింది. మే నెలలో వచ్చింది, ఆర్నెల్లు ఉంటుంది. డెబ్బై ఒకటేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. డాకు మీద నుంచి బోటు లోపలికి దిగడానికి నా భుజమూ, మనవరాలి భుజమూ పట్టుకుని, ముందు అంచు మీద కూచుని, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి తిప్పుకుంది. కూచున్న వెంటనే లైఫ్ జాకెట్ అడిగింది. ఇక్కడ పదమూడేళ్ళ లోపు పిల్లలకే, అదీ బోటు కదులుతున్నప్పుడే తప్పనిసరి. కానీ 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్ళే బోటు మునిగినప్పటి నుంచీ మా అమ్మ చట్టం వేరు. ఆవిడ ఉన్న పడవలో అందరూ వేసుకోవాల్సిందే. లేనియర్‌లో కూడా ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు మునిగిపోయిన వార్త వింటూనే ఉంటాం కాబట్టి నేనూ వాదించను.

ఇంజిన్ వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. ముందు బ్లోయర్ వెయ్యాలి, నాలుగు నిమిషాలు. లోపల మూసిన పెట్టెలో పెట్రోలు ఆవిరి చేరి ఉంటే దాన్ని బయటికి ఊదేసే పంకా అది. ఆ నాలుగు నిమిషాలూ అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూచున్నాం.

"ఏమైందిరా, స్టార్ట్ అవట్లేదా?" అంది అమ్మ.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అడుక్కి దిగి కూచుంటుంది, నిప్పురవ్వ తగిలితే ముప్పు అని చెప్పాను.

"గ్యాసు వాసనొస్తే లైటెయ్యకు, తలుపులు తియ్యి అంటాం, అదేగా" అని తేల్చేసింది.

నడకలో రెండు బోట్లకీ పెద్ద తేడా లేదు. స్టెర్న్‌డ్రైవుకి మోత కాస్త ఎక్కువ. అదీ చెవుల్లో కంటే వెనక సీటు కింద, వీపుకి తెలిసే మోత. మలుపుల్లో కాస్త నేలకి అంటుకున్నట్టుంది. వెనకాల సామాను గది లేదు, కూలర్ కాళ్ళకి అడ్డం. మా ఆవిడ ఆ సంగతి రెండుసార్లు గుర్తు చేసింది.

మళ్ళీ అదే కోవ్. లంగరు. ఇంజిన్ ఆపి తాళం తీసి జేబులో పెట్టుకున్నాను. అమ్మ నెమ్మదిగా వెనక్కి నడిచి, పరుపు పక్క సందులోంచి వెనక పలక మీదకి దిగింది. బోటు వెడల్పంతా ఒకే పలక, అడ్డం ఏమీ లేదు. మధ్యలో బాసింపట్టు వేసుకుని కూచుని, కాసేపటికి చీర అంచు మోకాళ్ళ దాకా ఎత్తుకుని కాళ్ళు రెండూ నీళ్ళలోకి వదిలింది. పెద్దమ్మాయి వచ్చి ఒక పక్కన, చిన్నోడు ఇంకో పక్కన చేరారు. చిన్నోడు దూకడం, నిచ్చెనెక్కి నానమ్మ మీద నీళ్ళు విదిలించడం, మళ్ళీ దూకడం. మా ఆవిడ ఊరగాయ అన్నం ముద్దలు కలిపి అక్కడికే అందించింది. నేను స్టీరింగు దగ్గర సీటులో కూచుని నలుగురి వీపులూ చూస్తున్నాను. గంటన్నర అయింది. ఎవరూ లేవలేదు.

అప్పుడు అమ్మ బోటు ధర అడిగింది. చెప్పాను. రూపాయల్లో ఎంత అంది. యాభై లక్షలకి కొంచెం తక్కువ అన్నాను. ఆ తర్వాత తిరిగి ఒడ్డుకొచ్చే దాకా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి ఎక్సెల్‌కి ముప్పై రెండో వరస చేర్చాను. ఇన్నేళ్ళుగా మేం బోటు అద్దెకి తీసుకున్న రోజుల్లో ఇంజిన్ ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఆగి ఉందో ఫోన్లో ఫోటోలకున్న సమయాలు చూసి ఒక అంచనాకి వచ్చాను. ఆరు గంటల అద్దెలో ఇంజిన్ నడిచింది గంటా ఇరవై నిమిషాలు, మహా అయితే గంటన్నర. మిగతాదంతా తినడం, ఈదడం, పేకాట, కునుకు. మేం పడవ నడపడానికి కాదు, నీళ్ళ మీద అరుగేసుకుని కూచోడానికి వెళుతున్నాం. అలాంటప్పుడు ఇంజిన్ ఎంత బాగుందన్న దాని కంటే ఇంజిన్ ఆపాక ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. నా 31 వరసల్లో ఒక్కటీ దాన్ని అడగలేదు.

ఇది చదివి స్టెర్న్‌డ్రైవే మేలు అని ఎవరైనా అనుకుంటే నన్ను తిట్టుకుంటారు. రెండో వైపు కూడా చెప్పాలి, అది చిన్న వైపేం కాదు.

స్టెర్న్‌డ్రైవ్ ఇంజిన్ లోపల తిరిగేది లేక్ నీళ్ళే. చల్లబడడానికి అవే నీళ్ళు లాక్కుని వదులుతుంది. చలికాలంలో ఆ నీళ్ళు లోపల మిగిలి గడ్డ కడితే ఇంజిన్ దిమ్మ పగులుతుంది. జార్జియాలో ఏం చలిలే అనుకుంటారు. 2022 క్రిస్మస్ ముందు అట్లాంటాలో ఒక్క అంకె ఫారన్‌హీట్ దాకా, అంటే నీళ్ళు గడ్డ కట్టే చలికి చాలా కిందికి, పడిపోయింది. మా సబ్‌డివిజన్‌లో, అంటే మా కాలనీలో, ఒకాయన ఆ నీళ్ళు తీయించే పని నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత చేయిద్దాం, వచ్చే వారం చేయిద్దాం అంటూ వాయిదా వేశాడు. మార్చిలో తీసి చూస్తే ఇంజిన్ నూనె పాలు పోసిన కాఫీలా ఉందట. అవుట్‌బోర్డుకి ఈ బాధ చాలా తక్కువ. నిటారుగా దించి ఉంచితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి.

రెండోది బెల్లోస్. ఇంజిన్ లోపల, కాలు బయట అన్నాను కదా, ఆ గోడ కన్నం దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే రబ్బరు గొట్టాలు. రబ్బరు కదా, ఏళ్ళు గడిస్తే చిట్లుతుంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచే బోటుకి అది చిరిగితే ముందు బేరింగులు పోతాయి, పట్టించుకోకపోతే బోటే పోతుంది. మార్చాలంటే కాలు మొత్తం ఊడదీయాలి. అవుట్‌బోర్డుకి అలాంటి కన్నమే లేదు. కాలు కూడా పూర్తిగా నీళ్ళ పైకి ఎత్తేయొచ్చు, స్టెర్న్‌డ్రైవు కాలు ఎంత ఎత్తినా కొంత మునిగే ఉంటుంది.

టంపాలో ఉండే మా బావమరిదికి ఇదంతా చెబితే ఫోన్లో నవ్వాడు. "బావా, ఉప్పునీళ్ళల్ల గా మాటే తియ్యకు" అన్నాడు. నిజమే. ఉప్పునీళ్ళైతే, లేక ఏడాది పొడుగునా నీళ్ళలోనే కట్టేసి ఉంచేదైతే, నేను రెండో ఆలోచన లేకుండా ఆ ఎనిమిది వేలూ పోసి అవుట్‌బోర్డే కొనేవాణ్ణి. మాది మంచినీళ్ళు. పైగా బోటు మా దగ్గర నీళ్ళలో ఉండదు. ఇంటి ముందు పెడదామంటే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, ఒప్పుకోదు. పెట్టినా లాగే బండి లేదు. మా హైలాండర్ కారు లాగగలిగేది అయిదు వేల పౌండ్లు, ట్రైలరుతో కలిపితే ఈ బోటు అంతకు మించుతుంది. అందుకని మెరీనాలో, అదే బోట్ల రేవులో, డ్రై స్టాక్, అంటే బోట్లని బీరువాలో పుస్తకాల్లా అరల్లో పెట్టే షెడ్డు. ఫోన్ చేస్తే ఫోర్క్‌లిఫ్ట్‌తో దించి నీళ్ళలో పెడతారు, సాయంత్రం కడిగి ఎత్తేస్తారు. పొడిగా ఉండే బోటుకి బెల్లోస్ భయం సగం తగ్గుతుంది.

పిల్లల కోరిక ఒకటి మాత్రం రెండు బోట్లూ తీర్చవు, వేక్‌సర్ఫింగ్. బోటు వెనకే పదడుగుల్లో అల మీద నిలబడే ఆట అది. వెనక్కి పొడుచుకొచ్చిన ప్రొపెల్లర్ ఉన్న ఏ బోటు వెనకా ఆ ఆట ఆడకూడదు. పెద్దమ్మాయి అలిగింది. గాలి ట్యూబు మీద కూచోబెట్టి బోటుకి కట్టి లాగుతానని ఒప్పించాను. దానికి కూడా స్టెర్న్‌డ్రైవు నయం, తాడు వెనక కొక్కేనికి కట్టేయొచ్చు, ఇంజిన్ మీదుగా పోదు.

కొనే ముందు బోట్లని పరీక్షించి చెప్పే సర్వేయర్ని పెట్టుకున్నాను. ఎవరూ ఈ ఖర్చు దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. ఆయన వచ్చి రెండు గంటలు మాట్లాడలేదు. చిన్న ప్లాస్టిక్ సుత్తితో బోటు ఒళ్ళంతా కొబ్బరికాయ కొనేవాడిలా తట్టుకుంటూ వెళ్ళాడు. టంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల తడి. తేమ మీటరు పెట్టాడు. బోల్టులు దిగిన చోటల్లా గోరుతో గీకాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, కాలిని పూర్తిగా ఒక పక్కకి తిప్పమని, టార్చి వేసి నన్ను పిలిచి చూపించాడు. బెల్లోస్ మడతల లోతులో సన్నటి గీతలు, ఎండిన చెరువు మట్టి నెర్రెల్లాగా. ఇంకా చిరగలేదు.

మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్ కంప్యూటర్ చరిత్ర తీశాడు. మొత్తం 212 గంటలు. ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో కూడా అందులో ఉంటుంది. సగానికి పైగా 2000 ఆర్‌పీఎం లోపే. పూర్తి వేగంలో మూడు గంటలు కూడా లేదు. ముందు ఓనరు కూడా మా బాపతే! ఎవరో తెలీదు కానీ ఆయన కూడా ఎక్కడో కోవ్‌లో కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూచునే రకమే అయి ఉంటాడు. నాకు ఆ గ్రాఫు చూశాక ఆయన మీద ఆత్మీయత పుట్టింది.

బేరంలో బెల్లోస్, వాటితో పాటు బేరింగు, నీటి పంపులో ఇంపెల్లరు మార్చి ఇవ్వాలన్నాను. అమ్మేవాళ్ళు సగమే భరిస్తామన్నారు. నేను బిగుసుకున్నాను. పన్నెండు వందల డాలర్ల దగ్గర రెండు రోజులు ఆగిపోయింది వ్యవహారం. చివరికి మా ఆవిడే "ఏనుగుని కొని అంకుశం కాడ కొట్లాడుడేంది, ఇచ్చెయ్యరాదురీ" అంది. ఏనుగే వద్దన్న మనిషి ఆ మాట అనేసరికి నేను వెంటనే సంతకం పెట్టాను, మళ్ళీ మనసు మారుతుందేమోనని.

జూన్ చివర్లో బోటు మాదైంది. జార్జియాలో 1998 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే బోటు నడపడానికి కోర్సు తప్పనిసరి. నేను అంతకు చాలా ముందే పుట్టేశాను. అయినా పెద్దమ్మాయితో పాటు కూచుని పరీక్ష రాశాను. దానికి నా కంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. ఇప్పుడు నేను స్టీరింగు దగ్గరుంటే ఆ ఎర్ర తాడు, అంటే మనిషి పడిపోతే ఇంజిన్ ఆగిపోయే తాడు, తగిలించుకున్నానో లేదో అదే చూస్తుంది.

ఈ లేక్ గురించి ఒక మాట. ఇది మనిషి కట్టిన సరస్సు. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టి 1950ల్లో నింపారు. వందల కుటుంబాల పొలాలు, రోడ్లు, ఇళ్ళ పునాదులు అడుగునున్నాయి. నిండుగా ఉంటే సముద్రమట్టానికి 1071 అడుగులు. 2007 డిసెంబరు కరువులో 1051 కంటే కిందికి దిగింది. నీళ్ళు తగ్గినప్పుడు మునిగిన కొండల నెత్తులు పైకి దగ్గరవుతాయి. మ్యాపులో నిలువునా నీలంగా కనిపించే చోట మోకాలి లోతులోనే ఎర్రమట్టి తగులుతుంది. డెప్త్ మీటరు చూస్తూ నెమ్మదిగా పోతున్నప్పుడల్లా నాకు పోలవరం ముంపు ఊళ్ళు గుర్తొస్తాయి. అక్కడ ఇంకొన్నేళ్ళకి ఎవరి మనవలో ఇలాగే బోటు వేసుకుని తిరుగుతారు.

వేసవి ఎలా గడిచిందో వివరంగా రాయను. రెండు సంగతులు మాత్రం. కూలర్ ఇప్పటికీ కాళ్ళకి అడ్డమే. ఆ నాలుగు బస్తాల గది గుర్తొచ్చినప్పుడల్లా మా ఆవిడ నిట్టూరుస్తుంది. నాలుగు నిమిషాల బ్లోయరు సమయంలో మాత్రం కొత్త అలవాటొచ్చింది. అమ్మ విష్ణు సహస్రనామం మొదలుపెడుతుంది, "భూతభావనః" దాటి కాస్త దూరం పోయేసరికి ఇంజిన్ స్టార్ట్ చేసుకోవచ్చు.

అక్టోబరు చివర మెరీనా వాళ్ళు ఫోన్ చేశారు. వింటరైజేషన్, అంటే చలికి పగలకుండా ఇంజిన్లో నీళ్ళు తీసేసి సిద్ధం చేసే పని, వరస మొదలైంది, ఎప్పుడు పెట్టమంటారు అని. 450 డాలర్లు. నా గుండె కలుక్కుమంది కానీ మా సబ్‌డివిజన్ పెద్దమనిషి కాఫీ రంగు నూనె కళ్ళ ముందు మెదిలింది. నవంబరు మొదటి వారం రాసుకోండి అన్నాను. పక్కనే వింటున్న అమ్మ, "పౌర్ణమి వెళ్ళాక చేయించరా" అంది. కార్తీక పౌర్ణమి సరిగ్గా ఆ వారమే. ఆ తర్వాత పది రోజులకి ఆవిడ విమానం.

ఆ సాయంత్రం లేక్ మీద మేం తప్ప పడవ లేదు. చెట్లన్నీ ఎర్రగా, పచ్చగా మండుతున్నాయి. కోవ్‌లో లంగరు వేశాక అమ్మ సంచిలోంచి మట్టి ప్రమిద, వత్తి, ఆవునెయ్యి సీసా తీసింది. నీళ్ళలో వదలకూడదని మనవరాలు, పెట్రోలు పెట్టె మీద అగ్గిపుల్ల గీయకూడదని నేను, ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూసి, ప్రమిద సంచిలో పెట్టేసి, చిన్నోడి స్కూలు బ్యాగుకి తగిలించిన బ్యాటరీ లైటు అడిగి తీసుకుంది. దాన్ని వెలిగించి వెనక పలక మీద నీళ్ళ అంచున పెట్టింది. కాళ్ళు నీళ్ళలోకి దించి, చలికి ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ దించింది.

"ఆ మెకానిక్‌కి ఏ రోజన్నావు?" అంది కాసేపటికి.

"శుక్రవారం."

"శనివారానికి మార్చు. ఇంకోసారి వద్దాం."